టోటల్ లాస్ తర్వాత మిగిలిన పది రెంటల్ రోజులు: టెక్సాస్‌లో ఒక క్లెయిమ్ కేస్ స్టడీ

ప్రమాదం జరిగి కారు షాపుకు వెళ్లిన ప్రతి క్లయింటూ మొదట అడిగేది "రెంటల్ కారు ఎన్ని రోజులు ఇస్తారు?" అని. అంతకంటే ముందు తేలవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఆ రోజుల డబ్బును ఎవరి దగ్గర, ఏ హక్కుతో అడుగుతున్నాం? సొంత పాలసీలో రెంటల్ కవరేజ్ ఉంటే అది ఒప్పందం వల్ల వచ్చిన హక్కు. అందులో రోజుకు ఇంత, మొత్తం మీద ఇంత అన్న హద్దు రాసే ఉంటుంది. ఎదుటి డ్రైవర్ తప్పు వల్ల మన కారు మనకు లేకుండా పోయినందుకు అడిగేది నష్టపరిహారం. దానికి మన పాలసీ హద్దులతో సంబంధం లేదు, "సమంజసమైన అద్దె, సమంజసమైన కాలం" అన్న కొలత మాత్రమే ఉంటుంది. ఈ రెండింటినీ ఒకటిగా చూసినందువల్ల న్యాయంగా రావలసిన డబ్బును వదులుకున్న కుటుంబాలను నేను చాలా చూశాను. ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో అడ్జస్టర్‌గా (క్లెయిములను పరిశీలించి ఎంత ఇవ్వాలో తేల్చే ఉద్యోగిగా) పనిచేసి, ఇప్పుడు డాలస్ ప్రాంతంలో స్వతంత్ర ఏజెంటుగా ఉన్న నేను, ఈ తేడా స్పష్టంగా కనబడే ఒక టోటల్ లాస్ ఫైలును, అంటే బాగుచేయించే బదులు కారు విలువనే కంపెనీ చెల్లించిన ఫైలును, ఇక్కడ వివరిస్తున్నాను. క్లయింటును గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను. మొత్తాలు మాత్రం ఫైలులో ఉన్నవే.

క్లయింటు ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. భర్త, ఇద్దరు పిల్లలు, ఇంటికంతటికీ ఒకే కారు. శుక్రవారం సాయంత్రం సిగ్నల్ దగ్గర ఆమె వైపు పచ్చ లైటు ఉండగా, అడ్డంగా ఉన్న రోడ్డు మీదుగా వచ్చిన ఒక పికప్ ట్రక్కు ఎర్ర లైటు దాటి ఆమె సెడాన్ ముందు భాగాన్ని ఢీకొని, పక్క వరుసలో ఆగి ఉన్న మూడో కారును కూడా తాకింది. సెడాన్ కదలలేని స్థితిలో ఉండటంతో పోలీసులు పిలిపించిన టో ట్రక్కు దాన్ని స్టోరేజ్ యార్డుకు తీసుకుపోయింది. ఆమె పాలసీలో వెయ్యి డాలర్ల డిడక్టిబుల్‌తో (ముందుగా మనమే భరించవలసిన మొత్తం) కొలిజన్ (ఢీకొన్నప్పుడు సొంత కారు నష్టానికి), రోజుకు 40 డాలర్ల చొప్పున 1,200 డాలర్ల వరకు రెంటల్, అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ (ఎదుటి డ్రైవర్‌కు ఇన్సూరెన్స్ లేనప్పుడు ఆదుకునే) కవరేజ్ ఉన్నాయి. పికప్ డ్రైవర్‌కు టెక్సాస్ చట్టం అడిగే కనీస లయబిలిటీ (తన తప్పు వల్ల ఇతరులకు కలిగే నష్టానికి కట్టే కవరేజ్) మాత్రమే ఉంది. దాన్ని ఇక్కడ 30/60/25 అంటారు: ఒక మనిషి గాయాలకు 30,000 డాలర్లు, ప్రమాదం మొత్తంలో గాయాలకు 60,000, ఆస్తి నష్టానికి 25,000. ఆ చివరి 25,000 లోనే రెండు కార్ల మరమ్మతులు, టోయింగ్, స్టోరేజ్, రెంటల్ అన్నీ ఇమడాలి. ఈ లెక్క మొదటి రోజే వేసుకుని ఫైలు మీద రాసిపెట్టాను.

సోమవారం ఉదయం ఆమె నన్ను కలిసేసరికి ఒక నిర్ణయానికి వచ్చి ఉంది. తప్పు తనది కాదు కనుక సొంత ఇన్సూరెన్స్‌ను అసలు కదిలించకూడదని, అంతా ఎదుటి కంపెనీ చేతనే కట్టించుకోవాలని అనుకుంది. డిడక్టిబుల్ కట్టక్కర్లేదు, ప్రీమియం పెరగదు అన్నది ఆ ఆలోచన వెనుక ఉన్న లెక్క. ఆ లెక్క నిలవాలంటే ఎదుటి కంపెనీ వెంటనే బాధ్యత ఒప్పుకోవాలి. ఆమె పక్కనుండగానే వాళ్లకు ఫోన్ చేశాను. "మా డ్రైవర్ వాంగ్మూలం ఇంకా రాలేదు, పోలీసు రిపోర్టు చూడాలి, అంతవరకు రెంటల్‌కు అనుమతి ఇవ్వలేము" అన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు. ఎవరిది తప్పో తేలకుండా డబ్బు కట్టవలసిన పని వాళ్లకు లేదు. అయితే టెక్సాస్‌లో ఆఫీసర్ క్రాష్ రిపోర్టు దాఖలు చేయడానికి చట్టం పది రోజుల గడువు ఇస్తుంది. డ్రైవర్ ఫోన్ ఎత్తకపోతే ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఆ లోపల ఇంట్లో కారు ఉండదు, యార్డులో స్టోరేజ్ చార్జీ రోజూ పెరుగుతుంది.

క్లెయిమ్ ఆలస్యమైనప్పుడు చట్టం ఎవరి పక్షాన ఉంటుందన్నది ఇక్కడ రెండో విషయం. టెక్సాస్ ఇన్సూరెన్స్ కోడ్ 542వ అధ్యాయం కంపెనీలకు గడువులు పెడుతుంది: క్లెయిమ్ అందినట్టు సాధారణంగా 15 రోజుల్లో తెలియజేయాలి, అడిగిన పత్రాలన్నీ అందాక 15 పనిదినాల్లో ఔనో కాదో చెప్పాలి, ఔనన్నాక 5 పనిదినాల్లో చెల్లించాలి. ఈ గడువులు తన సొంత పాలసీదారుకు కంపెనీ చెల్లించవలసిన క్లెయిములకు వర్తిస్తాయి. ఎదుటివాడి కంపెనీకి మనం బయటివాళ్లం, మనతో దానికి ఒప్పందం లేదు. కనుక సొంత కంపెనీ ద్వారా వెళితే గడువుల బలం మన చేతిలో ఉంటుంది, ఎదుటి కంపెనీ దగ్గర అది ఉండదు.

నేను చెప్పిన సలహా ఇది. ఈరోజే సొంత కొలిజన్, రెంటల్ కవరేజ్‌ల కింద క్లెయిమ్ తెరవాలి. అదే రోజు ఎదుటి కంపెనీ దగ్గర కూడా క్లెయిమ్ నంబరు తీసుకుని, "మా పాలసీ భరించని రెంటల్, డిడక్టిబుల్ మీ పాలసీదారు బాధ్యత, ఆ హక్కును నిలుపుకుంటున్నాం" అని ఒక ఈమెయిల్ పంపాలి. సొంత కంపెనీ కట్టిన డబ్బును అది తానే ఎదుటివాళ్ల దగ్గర సబ్రోగేషన్ కింద రాబట్టుకుంటుంది, మామూలుగా డిడక్టిబుల్‌ను కూడా కలిపి అడుగుతుంది. ఆమె ఒప్పుకుంది. కారును మంగళవారం యార్డు నుంచి బాడీ షాపుకు తరలించారు, రెంటల్ కూడా ఆ రోజే మొదలైంది. ఎదుటి కంపెనీ బాధ్యత ఒప్పుకున్నది రెంటల్ పదహారో రోజున. ముందనుకున్నట్టే ఎదురుచూసి ఉంటే అన్ని రోజులూ పిల్లల బడి, రెండు ఆఫీసులు కారు లేకుండా నడవవలసి వచ్చేది.

రెంటల్ కౌంటర్ దగ్గర మూడు విషయాలు తేలాలి. మొదటిది కారు తరగతి. పిల్లలు ఇద్దరున్నారని ఆమె ఎస్‌యూవీ అడగబోయింది. పాలసీ చూసేది డాలర్లను మాత్రమే, నష్టపరిహారం చూసేది పోయిన కారుతో సమానమైన కారును. సెడాన్ పోయినవారు ఎస్‌యూవీ తీసుకుంటే పైతేడా ఎవరి దగ్గరా రాదు. ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పంద రేటు ప్రకారం సెడాన్ రోజుకు 34 డాలర్లు. దానిపై టెక్సాస్‌లో 30 రోజులకు మించని అద్దెకు రాష్ట్ర పన్ను 10 శాతం ఉంటుంది, ఆ ఊళ్లో స్థానిక పన్ను మరో 5 శాతం. అంటే 34 మీద 3.40, 1.70 కలిసి రోజుకు 39.10 డాలర్లు. 40 డాలర్ల హద్దు పన్నులతో కలిపేనా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. ఈమె పాలసీలో కలిపే ఉంది కనుక రోజుకు 36 డాలర్ల కారు తీసుకున్నా చేతి డబ్బు పడేది.

రెండోది డ్యామేజ్ వేవర్, అంటే అద్దె కారుకు దెబ్బ తగిలితే ఆ ఖర్చు మనల్ని అడగకుండా ఉండేందుకు రెంటల్ కంపెనీకి అదనంగా కట్టేది. కౌంటర్‌లో ఇది తీసుకోమని గట్టిగా చెబుతారు, రెంటల్ కవరేజ్ దాని ఖర్చు భరించదు. ఆమె సొంత కారు మీద ఉన్న లయబిలిటీ, కొలిజన్ ఈ తాత్కాలిక కారుకు కూడా వర్తిస్తాయని అడ్జస్టర్ దగ్గర ఈమెయిల్‌లో రాయించుకున్నాం. అలా వర్తించినా, రెంటల్ కారుకు దెబ్బ తగిలితే మళ్లీ వెయ్యి డాలర్ల డిడక్టిబుల్ ఆమెదే. పైగా ఆ కారు మరమ్మతులో ఉన్నన్నాళ్లు ఆదాయం పోయిందని, విలువ తగ్గిందని రెంటల్ కంపెనీ వేసే చార్జీలను కొన్ని పాలసీలు భరించవు. ఇదంతా విడమరచి చెప్పి నిర్ణయం ఆమెకే వదిలాను. ఆమె వేవర్ వద్దనుకుంది. క్రెడిట్ కార్డు కవరేజ్ ఉందిగా అని చాలామంది నమ్ముకుంటారు. సాధారణంగా ఆ కవరేజ్ వర్తించాలంటే అద్దె మొత్తం ఆ కార్డు మీదే కట్టాలి, అద్దె కాలానికి హద్దు ఉంటుంది. బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీ నేరుగా కడుతున్నప్పుడు దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

మూడోది భర్త పేరు. ఒప్పందంలో పేరు లేని మనిషి నడిపి ప్రమాదం జరిగితే వచ్చే చిక్కు చాలా పెద్దది. ఐదు నిమిషాల్లో ఆయన పేరు చేర్పించారు. టోల్ చార్జీలు, పెట్రోలు పాలసీలోకి రావు.

ఇక బాడీ షాపు. మొదటి ఎస్టిమేట్ 9,800 డాలర్లు. తొమ్మిదో రోజున ముందు భాగం విప్పి చూస్తే ఫ్రేమ్ రైల్ (కారు చట్రంలోని పొడవాటి కమ్మీ) వంగింది, రాడార్ సెన్సర్ పగిలింది. సప్లిమెంట్ (తర్వాత బయటపడిన మరమ్మతుల అదనపు లెక్క) కలిపాక మొత్తం 16,400కు చేరింది. కంపెనీ మొదట అంచనా వేసిన మార్కెట్ విలువ 18,300. విలువకంటే మరమ్మతు తక్కువే కదా, టోటల్ లాస్ ఎలా అవుతుందని ఆమె అడిగింది. టెక్సాస్‌లో టైటిల్‌ను (కారు యాజమాన్య పత్రాన్ని) సాల్వేజ్ (బాగా దెబ్బతిన్న కారు) కిందికి మార్చడానికి మరమ్మతు ఖర్చు కారు విలువను మించాలి. కంపెనీ వేసుకునే లెక్క వేరు: మరమ్మతు ఖర్చుకు, పాడైన కారును వేలంలో అమ్మితే వచ్చే మొత్తాన్ని కలిపి చూస్తుంది. ఇక్కడ వేలం విలువ 4,600. అంటే 16,400తో కలిపి 21,000. బాగుచేయించడం కంటే కారు విలువ చెల్లించి తీసేసుకోవడమే కంపెనీకి లాభం. ఫైలు టోటల్ లాస్ విభాగానికి వెళ్లింది.

రెంటల్ గడియారం మారేది ఈ మలుపులోనే. కారు మరమ్మతులో ఉన్నంతకాలం పాలసీ రెంటల్ ఇస్తూ ఉంటుంది. టోటల్ లాస్ అన్నాక, 1,200 డాలర్ల హద్దు ఇంకా మిగిలి ఉన్నా సరే, ఆఫర్ ఇచ్చిన కొన్నాళ్లకు ఆపేస్తారు. ఈమె పాలసీలో ఆ గడువు ఆఫర్ తర్వాత ఐదు రోజులు. అడ్జస్టర్ పదిహేడో రోజున ఫోన్‌లో ఒక అంకె చెప్పారు, వాల్యుయేషన్ రిపోర్టుతో ఆఫర్ చేతికి వచ్చింది పంతొమ్మిదో రోజున. కంపెనీ పదిహేడు నుంచి లెక్కించబోయింది. ఏ కార్లతో పోల్చారో, ఏ మోడల్‌గా తీసుకున్నారో చూపకుండా చెప్పిన అంకెను క్లయింటు అంగీకరించడమూ కుదరదు, కాదనడమూ కుదరదు కనుక అది ఆఫర్ కిందికి రాదని రాశాను. ఒప్పుకున్నారు. పాలసీ రెంటల్ ఇరవై నాలుగో రోజు వరకు నడిచింది. 24 రోజులకు కంపెనీ కట్టినది 938.40 డాలర్లు.

ఆఫర్ రాగానే ఒప్పేసుకుని ఉంటే రెంటల్ చిక్కు ఇంత ఉండేది కాదు, కానీ రిపోర్టులో తప్పుంది. ఆమె కారు పై ట్రిమ్‌ది, అంటే అదే మోడల్‌లో ఎక్కువ సదుపాయాలున్న రకం. రిపోర్టులో అన్నిటికంటే కింది ట్రిమ్ అని ఉంది, డ్రైవర్ అసిస్ట్ ప్యాకేజీ లెక్కలోకే రాలేదు. కొన్నప్పటి విండో స్టిక్కర్ (కారు సదుపాయాల జాబితా), అదే ట్రిమ్‌వి, దగ్గరి మైలేజీవి అమ్మకంలో ఉన్న కార్ల వివరాలు జతచేసి పంపితే ఇరవై ఏడో రోజున విలువ 19,450కి సవరించారు. రోజుకు నలభై డాలర్ల రెంటల్ పోతుందన్న భయంతో 1,150 డాలర్లు వదులుకోవద్దని ఆమెకు చెప్పాను. అడ్జస్టర్‌గా ఉన్న రోజుల్లో నేను తరచు చూసింది ఇదే: రెంటల్ ఆగిపోతోందనగానే పాలసీదారు రిపోర్టు చదవడం మానేసి సంతకం పెడతారు. డిడక్టిబుల్ పోగా వచ్చిన 18,450లో 11,200 లోన్ బాకీ కింద బ్యాంకుకు వెళ్లింది, మిగిలిన 7,250 ముప్ఫయ్యో రోజున ఆమె ఖాతాలో పడింది. ఆ డబ్బుతో ముప్ఫై నాలుగో రోజున వేరే కారు కొని రెంటల్ తిరిగి ఇచ్చేసింది.

ఇరవై అయిదు నుంచి ముప్ఫై నాలుగు వరకు పది రోజులు, 391 డాలర్లు ఆమె కార్డు మీద పడ్డాయి. ఎదుటి కంపెనీని అడిగితే, "టోటల్ లాస్ ఆఫర్ అందాక రెంటల్ ఇవ్వడం మా పద్ధతి కాదు" అన్నారు. పద్ధతి వేరు, చట్టం వేరు. కారు పూర్తిగా నాశనమైతే దాని మార్కెట్ విలువే వస్తుంది, వాడుక పోయినందుకు విడిగా ఏమీ రాదన్న వాదన టెక్సాస్‌లో చాలాకాలం నడిచింది. 2016 జనవరిలో జె అండ్ డి టోయింగ్ కేసులో టెక్సాస్ సుప్రీం కోర్టు దాన్ని ముగించింది. ఉన్న ఒక్క టో ట్రక్కూ ప్రమాదంలో పోగొట్టుకున్న చిన్న వ్యాపారం అది. ట్రక్కు లేని కాలానికి జ్యూరీ 28,000 డాలర్లు నిర్ణయించింది. ఆస్తి పూర్తిగా నాశనమైనా, విలువతో పాటు వాడుక నష్టం కూడా రాబట్టుకోవచ్చని, అయితే అది ఊహల మీద ఆధారపడకూడదని, బదులు కొనడానికి సమంజసంగా పట్టే కాలాన్ని మించకూడదని కోర్టు తేల్చింది.

కాబట్టి మా ఉత్తరంలో తీర్పు పేరు చెప్పి ఊరుకోలేదు, ఆ పది రోజుల్లో ఒక్కొక్క రోజుకూ కారణం చూపించాం. సవరించిన రిపోర్టు వచ్చిన తేదీ, బ్యాంకు బాకీ పత్రం ఇచ్చిన తేదీ, డబ్బు జమ అయిన తేదీ, కొత్త లోన్ మంజూరైన తేదీ, ఈలోగా ఆమె చూసిన కార్ల వివరాలు, డీలర్లతో నడిచిన ఈమెయిళ్లు అన్నీ పెట్టాం. ఆఫర్ ఇచ్చింది ఆమె సొంత కంపెనీ, ఆనాటికి ఎదుటి కంపెనీ ఒక్క డాలరు కూడా చెల్లించలేదన్న సంగతి గుర్తుచేశాం. చేతిలో డబ్బు పడకముందే కొత్త కారు కొనాలని ఎవరినీ అడగలేరు. ఆ అడ్జస్టర్ ఫైలును సూపర్‌వైజర్‌కు పంపారు, వారం తిరగకుండా 391 డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోతే మిగిలే దారి జస్టిస్ కోర్టు. అక్కడ 20,000 డాలర్ల వరకు దావాలు వింటారు. ప్రతివాదిగా పెట్టవలసింది పికప్ డ్రైవర్‌ను. టెక్సాస్‌లో ఎదుటివాడి ఇన్సూరెన్స్ కంపెనీ మీద నేరుగా దావా వేయడం కుదరదు.

చెక్కుతో పాటు వచ్చిన రిలీజ్ పత్రం ఇంకా జాగ్రత్తగా చూడవలసినది. "ఈ ప్రమాదం వల్ల కలిగిన అన్ని క్లెయిములకు" ఇది తుది పరిష్కారమని అందులో ఉంది. ఆమెకు అప్పటికి మెడనొప్పి తగ్గలేదు, ఫిజియోథెరపీ నడుస్తోంది. గాయాల దావాకు టెక్సాస్‌లో రెండేళ్ల గడువు ఉంటుంది. డిడక్టిబుల్ కూడా ఇంకా సబ్రోగేషన్‌లోనే ఉంది. 391 డాలర్ల కోసం ఆ సంతకం పెట్టి ఉంటే రెండిటికీ తలుపు మూసుకుపోయేది. "రెంటల్, వాడుక నష్టానికి మాత్రమే పరిమితం" అని మార్పించాకే ఆమె సంతకం చేసింది. గాయాల విషయంలో నేను సలహా ఇవ్వలేదు, లాయరును కలవమన్నాను.

25,000 లెక్కకు వస్తే, వేలం విలువ పోగా ఆమె కారుకు 14,850, పాలసీ కట్టిన రెంటల్ 938.40, టోయింగ్, స్టోరేజ్‌లకు 610, ఈ 391, మూడో కారు మరమ్మతు 7,000 కలిసి 23,789.40. హద్దులోనే నిలిచింది, అయితే ఎంతో దూరంలో లేదు. మూడో కారు కాస్త ఖరీదైనదైతే ఆమె సొంత అన్‌ఇన్సూర్డ్, అండర్‌ఇన్సూర్డ్ (ఎదుటివాళ్ల ఇన్సూరెన్స్ చాలనప్పుడు ఆదుకునే) మోటరిస్ట్ కవరేజ్ మీద పడవలసి వచ్చేది. టెక్సాస్‌లో పాలసీదారు రాతపూర్వకంగా వద్దంటే తప్ప ఈ కవరేజ్ పాలసీలో ఉండాలి. దాని ఆస్తి నష్టం భాగానికి డిడక్టిబుల్ 250 డాలర్లు, అది రెంటల్ ఖర్చును కూడా భరిస్తుంది. నెలకు కొన్ని డాలర్లు మిగులుతాయని దీన్ని వద్దని సంతకం పెట్టేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

ఈ ఫైలు గురించి మాట్లాడినప్పుడల్లా ఒక ప్రశ్న వస్తుంది: సొంత పాలసీలో రెంటల్ కవరేజే లేకపోతే, అద్దె కారు తీసుకునే స్తోమత కూడా లేకపోతే ఏమిటి? అప్పుడు కూడా వాడుక నష్టం అడగవచ్చు. 1984లో లూనా కేసులో టెక్సాస్ సుప్రీం కోర్టు, బదులు కారు నిజంగా అద్దెకు తీసుకోకపోయినా దాని సమంజసమైన అద్దె విలువను పరిహారంగా కోరవచ్చని చెప్పింది. స్నేహితుల కార్లలో వెళ్తూ గడిపిన రోజులకు కూడా ఇది వర్తిస్తుంది. అదే తరగతి కారుకు ఆ ఊళ్లో ఉన్న అద్దె ధర కాగితం మీద తీసుకుని ఉంచుకోవాలి. ఒక షరతు మాత్రం మరవకూడదు: ప్రమాదంలో మన బాధ్యత 50 శాతం దాటిందని తేలితే ఏమీ రాదు, అంతకు తక్కువైతే ఆ శాతం మేరకు తగ్గుతుంది.

డిడక్టిబుల్ వెయ్యి డాలర్లు సబ్రోగేషన్ ద్వారా పూర్తిగా తిరిగి వచ్చాక ఫైలు మూసేశాం. కొత్త కారుకు పాలసీ రాసేటప్పుడు ఆమె రెంటల్ హద్దును రోజుకు 50, మొత్తం 1,500 డాలర్లకు పెంచుకుంది. టోటల్ లాస్ తర్వాత ఎన్ని రోజులు ఇస్తారన్నది రెండు కంపెనీల పాలసీల్లో పక్కపక్కన పెట్టి చూసుకుని, ఎక్కువ రోజులిచ్చే కంపెనీకి మారింది.